కట్టినోళ్ళే విప్పాలి

ఉద్దానం వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, "జీడిపప్పు తెచ్చావా?" అని. తెచ్చాను. డబ్బాలో పోసి, వచ్చినవాళ్ళకి గుప్పెడేసి పెట్టాను. దాంతోపాటు కడుపు నిండా కోపం కూడా తెచ్చుకున్నాను. అది ఎవరికి పంచాలో తెలియక ఇన్నాళ్ళకి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది అమలాపురం పక్కన కొబ్బరితోటల ఊరు. రాజమండ్రిలో ఒక లా కాలేజీలో పాఠాలు చెబుతాను. ఎవరైనా మాట ఇచ్చి తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది చదువు వల్ల పట్టిన జబ్బు కాదు, మా అమ్మ వైపు నుంచి వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క తోటల ప్రాంతం ఉద్దానం. దాని మీద టెక్కలిలో ఒక సదస్సు ఉంది, మాట్లాడడానికి రమ్మన్నారు. న్యాయం, క్వాంటమ్ భౌతికశాస్త్రం, వాతావరణం, పంట తెగుళ్ళు, ఈ నాలుగూ ఒకే వేదిక మీద అట. పిలుపు చూసి, ఈ నలుగురికీ సంబంధం కుదిర్చిన పెళ్ళిళ్ళ పేరయ్య ఎవరా అని నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది. నాలుగు రకాల చదువుల వాళ్ళు కలిసి పని చేస్తామంటేనే పరిశోధనకి డబ్బిచ్చేవాళ్ళు ఈమధ్య సంచి మూతి విప్పుతున్నారట. అదీ సంగతి.

పలాస

సదస్సుకి ఒకరోజు ముందే వెళ్ళి పలాసలో దిగాను. స్టేషన్ బయటికి రాగానే ముక్కుకి తగిలింది జీడి తొక్క కాలిన వాసన. మా ఊళ్ళకి కొబ్బరిపీచు వాసన ఎలాగో వీళ్ళకి ఇది అలాగ. ఆటో ఎక్కగానే ఆ అబ్బాయి వెనక్కి తిరిగి, "పప్పు కోసమా అమ్మా? మా బావ కొట్టుకాడికి తీసికెల్తాను" అన్నాడు. పలాసలో ప్రతి ఆటో అబ్బాయికీ పప్పు కొట్టున్న బావ ఒకడుంటాడని సాయంత్రానికల్లా నాకు అర్థమైంది.

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో దారి పొడుగునా పప్పు దుకాణాలే. గుండు పప్పు ఒక ధర, బద్ద ఒక ధర, ముక్క ఒక ధర. గుండు కిలో తొమ్మిది వందలన్నాడు. మా దగ్గర ఇదే పప్పు రంగు డబ్బాలో పెట్టి అంతకంటే ఎక్కువకి అమ్ముతారు, అదీ సగం నలిగింది. బేరం చెయ్యబోతే కొట్టాయన నొచ్చుకున్నాడు. "పప్పు తినండి ముందు. నచ్చకపోతే డబ్బులొద్దు" అని దోసిలి నిండా పోశాడు. అంత పోశాక ఇంకేం బేరం ఆడతాం?

ఆయనే పక్క వీధిలో ఉన్న పప్పు తీసే షెడ్డు చూడమని పంపించాడు. ఆడవాళ్ళు బారుగా కూర్చుని, ఉడికించిన గింజని కత్తి మరలో పెట్టి ఒక్క నొక్కుతో పగలదీస్తున్నారు. నేను ఊరుకోవచ్చు కదా. కింద పడిన తొక్కొకటి తీసి, లోపల ఎలా ఉంటుందో చూద్దామని వేలితో నొక్కాను.

"ఓలమ్మో! ఒగ్గీయండమ్మా, ఒగ్గీయండి! ఆ రసం సెయ్యి తినీత్తాది!" అని ఒకామె లేచి వచ్చి, నా వేలికి బూడిద రుద్ది, ఆముదం రాసింది. ఆమె చేతులు చూశాను. వేళ్ళన్నీ నల్లగా, చర్మం పొరలు పొరలుగా లేచి ఉన్నాయి.

"తమరు సదువుల మీద వచ్చారా?" అని అడిగింది.

అవునన్నాను.

"ఆమద్దెన ఒకలు వచ్చి మా సేతులు ఫొటోలు తీసీసినారు. సెయ్యి మండకుండా ఏదో కనిపెడతాం అన్నారు. మరి రానేదు" అంది. కోపంగా కాదు, వాన పడలేదు అన్నట్టు చెప్పింది. నేనూ తల ఊపి వచ్చేశాను. మర్నాటికి నా వేలు బొబ్బెక్కింది.

టెక్కలి

టెక్కలిలో బస్సు దిగగానే ఒక బండి దగ్గర చోడి అంబలి కనిపించింది. గ్లాసు పదిహేను రూపాయలు, పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ ఊరికే. మా వైపు చోళ్ళని రాగులంటాం, సుగరొచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని తాగుతారు. ఇక్కడ కుర్రాళ్ళు పొద్దున్నే లొట్టలేసుకుంటూ తాగుతున్నారు. నేను రెండు గ్లాసులు తాగాను. తాగడం మంచిదైంది, ఎందుకంటే సదస్సులో మధ్యాహ్నం పెట్టింది పనీర్ కూర, మంచూరియా, ఏదో ఎర్రటి అన్నం. చుట్టూ వంద ఊళ్ళలో పనస, కొబ్బరి, చేపలు ఉన్నాయి. మా పళ్ళెంలోకి ఒక్కటీ రాలేదు. ఉద్దానం గురించి మాట్లాడ్డానికి వచ్చి ఉద్దానం మెతుకు ముట్టకుండా లేచిపోయే సభ అది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

శాలువాలు, జ్యోతి వెలిగించడం, ఒకరినొకరు పొగుడుకోవడం అయ్యాక ప్రసంగాలు మొదలయ్యాయి. క్వాంటమ్ మనిషి వెంకటరమణగారు, తల పండినాయన. చెట్టుకి తెగులు పైకి కనపడకముందే లోపల పసిగట్టే పరికరం ఒకటి తయారు చేస్తున్నారట. "ఇంకా మా గది దాటి బయట పని చెయ్యడం లేదండి. ఎండ తగిలితే తికమక పడుతోంది" అని ఆయనే నవ్వుతూ ఒప్పేసుకున్నారు. ఆ రోజంతా ఏదైనా ఒప్పుకున్న మనిషి ఆయనొక్కరే.

నేను, పరిశోధనకి మట్టీ నీళ్ళూ రక్తం ఇచ్చే జనానికి ఉండే హక్కుల గురించి మాట్లాడాను. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చని బొబ్బెక్కిన వేలితో మైకు పట్టుకుని మరీ గొంతు చించుకున్నాను. చప్పట్లు కొట్టారు. తీసుకున్నవాళ్ళు మళ్ళీ మొహం చూపించకపోతే ఆ సమ్మతి ఎవరి దగ్గర వెనక్కి తీసుకోవాలో నేనూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

తర్వాత పంట తెగుళ్ళ శ్రీధర్‌గారు లేచారు. నలభై దాటని మనిషి, పొడుగు, కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా. ఉద్దానం కొబ్బరికి పట్టిన ఒక తెగులు మీద ఆయన పని. చెట్టు మొదలు దగ్గర ఎర్రటి బంక కారుతుంది, ఆకులు ఒక్కొక్కటే వాలిపోతాయి, కొన్నాళ్ళకి తల రాలిపడి మోడు మిగులుతుంది. తెగులు మట్టిలో ఉంటుంది, అక్కణ్ణించి పక్క చెట్టు వేళ్ళకి పాకుతుంది. ఒక తోటలో కొన్ని చెట్లకి వేరు ద్వారా మందు పట్టించారు. కొన్నిటికి ఏమీ చెయ్యకుండా వదిలేశారు, పోల్చి చూడాలి కదా. అలా వదిలేసిన చెట్లకి గుర్తుగా నీలం రిబ్బను కట్టారు. తెర మీద ఫొటో వేశారు. ఇసక నేలలో బారుగా కొబ్బరిచెట్లు, నడుముకి నీలం రిబ్బన్లు. తర్వాత రెండు గీతలు. మందు పట్టిన చెట్ల ఆకుపచ్చ గీత నిలకడగా ఉంది, నీలం గీత కిందికి దిగిపోయింది. మళ్ళీ చప్పట్లు.

నేను లేచి అడిగాను. "ఆ నీలం చెట్లు ఎవరివండీ?"

"ఒక రైతువి మేడమ్."

"పేరు?"

"పేర్లు బయటపెట్టకూడదు కదండీ. మీ లా వాళ్ళే పెట్టిన రూలు" అన్నారాయన. హాలంతా నవ్వింది.

"పని ఎప్పుడైపోయింది?"

"రెండేళ్ళ పైమాటేనండి. వ్యాసం కూడా అచ్చయింది."

"మరి ఇప్పుడా చెట్లు ఎలా ఉన్నాయి?"

ఆయన కాగితాలు సర్దుకుంటూ, "అది ఈ స్టడీ పరిధిలోకి రాదు మేడమ్" అన్నారు. కూర్చున్నాను. పక్కన వెంకటరమణగారు చెవిలో, "ప్రశ్న బావుందండీ. జవాబే లేదు" అన్నారు.

నౌపడ, మూలపేట

మర్నాడు మమ్మల్నందరినీ ఒక బస్సులో ఎక్కించారు. దాన్ని క్షేత్ర పర్యటన అన్నారు గానీ, మూలపేట రేవు చూడ్డం, సముద్రం ఒడ్డున చేపల భోజనం, సాయంత్రం పలాస స్టేషన్లో దింపడం, అంతే. నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు ఎండలో కళ్ళు మిరుమిట్లు గొలిపాయి. అందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు. ఉప్పు తోడుతున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వంక చూశారు.

మూలపేటలో కట్టే రేవుని దూరం నుంచి చూపించారు. రాళ్ళ గుట్టలు, పెద్ద పెద్ద లారీలు. పక్కనే పడవ నీడలో వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన్ని మాలో వాతావరణం చదువుకున్నావిడ పలకరించింది. ఒడ్డు ఎంత కోసుకుపోయింది, తుఫాన్లు పెరిగాయా అని అడిగింది. ఆయన ఓపిగ్గా అన్నీ చెప్పాడు. చెప్పి, "ఆనాడు సీసాల్తో నీరట్టుకెళ్ళినోలు తమరేనా అమ్మా?" అన్నాడు.

"మేం కాదండీ."

"ఊళ్ళో తాగే నీరు. మంచిదో కాదో సెప్తామన్నారు. రానేదు. తమరికి తెలిసినోలే అయ్యుంటారు, ఓపాలి అడగండి."

ఆవిడ తల ఊపింది. ఎవర్ని అడుగుతుంది? ఏ ఊరి సీసాలు ఏ ఊరి గదిలో ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. బస్సెక్కాక అన్నాను, "వాళ్ళకి మనమంతా ఒకటేనండీ. ఒకడు ఎగ్గొడితే మనందరం ఎగ్గొట్టినట్టే" అని. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం అంటారే, ఈ జిల్లాలో ఎన్ని తెప్పలు తగలేశామో మనం అనిపించింది.

ఉద్దానం తోట

వజ్రపుకొత్తూరు వైపు తిరిగాక దారికి రెండు వైపులా తోటలే. మా కోనసీమలో కొబ్బరికి కాలవ నీళ్ళుంటాయి, కాలు పెడితే బురద. ఇక్కడంతా ఇసక. పైన కొబ్బరి, కింద జీడిమామిడి, మధ్యలో పనస, అరటి. ఆ మధ్య వచ్చిన తుఫాను చాలా చెట్లని విరిచేసింది. మిగిలినవాటి మధ్య ఆకాశం ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక పాక దగ్గర కొబ్బరి బొండాలకని బస్సు ఆపారు. బొండం ఇరవై రూపాయలు, కత్తి పదును చూస్తే భయమేసింది, నీళ్ళు తియ్యగా ఉన్నాయి. చెయ్యి కడుక్కుందామని పాక వెనక్కి వెళ్ళాను. ఎదురుగా కొబ్బరిచెట్టు, దాని నడుముకి రిబ్బను.

ఎండకి వెలిసి తెల్లబడింది గానీ ముడి లోపల ఇంకా నీలంగానే ఉంది. ఆ వెనక ఇంకో చెట్టు, ఇంకోటి. మొదళ్ళలో ఎర్రటి బంక ఎండి గడ్డకట్టింది. కొన్నిటికి తలల్లేవు. తెర మీద చూసిన నీలం గీత నా ముందు నిలబడి ఉంది.

ఎండాకులు ఊడుస్తున్న ఒకామె నన్ను చూసి చీపురు కింద పెట్టింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు దమయంతి. తోట వాళ్ళదే. భర్త రేవు పనికి వెళ్ళాడట.

"ఈ రిబ్బన్లు ఎవరు కట్టారమ్మా?" అని అడిగాను.

"సదువుల బాబు కట్టినాడండి. పొడుగ్గా ఉంటాడు, కళ్ళద్దాలు. ఏడాదిపాటు వచ్చి సెట్లు సూసుకొని, మా గుమ్మంలో కూకొని అంబలి తాగీవోడు. ఆకరుపాలి వచ్చినపుడు 'ఈ సెట్లకి మందెయ్యకండి, సుట్టూ కందకం తవ్వకండి, కొట్టకండి. వానలెల్లాక నానొత్తాను, అప్పుడు అన్నిటికీ మందేద్దాం' అన్నాడు. ఆ వానలెలిపోనాయి. ఆ ఎనక వానలూ ఎలిపోనాయి. ఆయన రానేదు."

"రాకపోతే మీరే విప్పేసి మందు వేసుకోవచ్చు కదమ్మా?"

అనకూడని మాట అన్నట్టు చూసింది. "అదేటమ్మా అలాగనీసినారు? కట్టినోలే ఇప్పాల గదా."

అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు తోటలో ఒక చెట్టుకి పసుపుగుడ్డ కడతారు. మొక్కు తీరేదాకా ఆ చెట్టు గెల ఎవరూ కొయ్యరు, మట్ట తియ్యరు. దొంగ కూడా ముట్టుకోడు. కట్టిన మనిషి వచ్చి, తన చేత్తో ముడి విప్పితేనే చెట్టు మళ్ళీ అందరిదీ అవుతుంది. ఇంకొకరు విప్పితే మొక్కు చెడుతుంది, మాట చెడుతుంది. మా వైపు ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంటాం, అది మన ఇంటి సంగతి. ఇక్కడ మొక్కు ఊరందరికీ కనపడేలా చెట్టుకుంటుంది, ఊరంతా దాన్ని కాపాడుతుంది. ఆ కళ్ళద్దాల బాబు కట్టింది పసుపుగుడ్డ కాదని ఆమెకి తెలియదా? తెలుసు. కానీ గుడ్డ కట్టి, మాట తీసుకుని, వస్తానని వెళ్ళాడు. ఆమె లెక్కలో అది ముడే.

"మా మావ కూడా ముట్టుకోనేదండి, అంత కోపంలోనూ" అంది గొంతు తగ్గించి.

కంచె అవతల ఒక పెద్దాయన నడుముకి కత్తి చెక్కుకుని మా వైపే చూస్తున్నాడు. లోకనాథం. దమయంతి మామగారి తమ్ముడు, ఆమెకి చిన్నమావ.

"ఆయన సెట్లు తుఫాను ఒగ్గీసిన సెట్లండి. ఊరంతా పడిపోతే ఆ వరస మిగిలింది. ఇప్పుడు నా సెట్లకాడి నుంచి తెగులు పాకీసి ఆ వరసట్టీసింది. 'కోడలా, ఆ గుడ్డిప్పీయే, ఇద్దరం కలిసి కందకం తవ్వుదుం' అని బతిమాలినాడు. మాటిచ్చీసినాను మావా, ఆయనొత్తాడు అన్నాను. మూడో సెట్టు తల పడిపోనాక నాతో మాటలు మానీసినాడు. మా పనసకాయ ఆలింటికి ఎల్లదు, ఆలింట గారెలొండితే మాకు రావు. నాను ఆ సదువులోల కాడ పైసలు తీసీసుకొని ఊరి సెట్లు సంపేత్తన్నానని ఊరందరూ అనీసుకుంటన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "సెట్లు పోతే పోనాయమ్మా. ఆయనొచ్చి మా మావకి ఒక్క ముక్క సెప్తే సాలు. నాను పైసలు తీసుకోనేదని."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా? నాకు కళ్ళల్లో నీళ్ళూ కోపం ఒక్కసారే వచ్చాయి. ఎందుకంటే ఆ కళ్ళద్దాల బాబు ఎక్కడో లేడు. ఇరవై అడుగుల అవతల బస్సులో, కిటికీ పక్కన, మెడకి దిండు పెట్టుకుని నిద్రపోతున్నాడు.

ముడి

వెళ్ళి లేపాను. "బీచ్ వచ్చిందా మేడమ్?" అన్నారు శ్రీధర్‌గారు.

"మీ నీలం గీత వచ్చింది, దిగండి" అన్నాను.

ఆయన్ని చూడగానే దమయంతి మొహం వెలిగిపోయింది. తిట్టలేదు, ఎన్నాళ్ళకి వచ్చావని దెప్పలేదు. "వచ్చీసినారా బాబూ! నాను సెప్పనేదేటి, వత్తారని!" అని కంచె వైపు తిరిగి అరిచింది. "మావా! ఓ మావా! సూడు, వచ్చీసినాడు!" లోకనాథం కదల్లేదు, కానీ తల ఇటు తిప్పాడు. "అంబలి తెత్తాను, కూకోండి" అని ఇంట్లోకి పరిగెత్తబోయింది.

"వద్దమ్మా, టైం లేదు" అన్నారు శ్రీధర్‌గారు. చుట్టూ చూసి, "ఓ, ఇది ఆ సైటా" అన్నారు.

"అయితే ఇప్పండి బాబూ."

ఏం విప్పాలో ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పాను. విని నవ్వేశారు. "అయ్యో, ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయిందమ్మా. మీరే తీసి పారెయ్యొచ్చుగా."

"అయిపోనాదా?" అంది దమయంతి. "ఎప్పుడండి?"

"రెండేళ్ళు దాటింది."

దమయంతి వెనక్కి తిరిగింది. తల లేని చెట్ల వైపు ఒకసారి చూసింది. "మరి ఏటి తెలిసింది బాబూ?" అని అడిగింది.

"మందెయ్యకపోతే తెగులు ముదిరిపోతుందని తేలిందమ్మా" అన్నారాయన, పిల్లలకి చెప్పినట్టు, ఎంతో ఓపిగ్గా.

అప్పటికే వెంకటరమణగారు బొండం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. "ఆవిడకి ఒక ఫోన్ చెయ్యలేకపోయారా శ్రీధర్‌గారూ?" అన్నారు.

"నంబరు అప్పటి స్టూడెంట్ దగ్గరుందండి. అతను ఉద్యోగం మారిపోయాడు."

ఇదీ జవాబు! ఆకాశంలో అణువులు లెక్కపెడతాం, రాబోయే వందేళ్ళ వానలు ముందే చెబుతాం, చెట్టు నాడి పట్టే పరికరాలు కనిపెడతాం. ఒక ఆడమనిషి ఫోన్ నంబరు మాత్రం దాచుకోలేం.

ఆయన ముడులు విప్పారు. విప్పక ఏం చేస్తారు, దమయంతి ఒక్కో చెట్టు పక్కన వెళ్ళి నిలబడుతుంటే. ఎండకి బిగుసుకుపోయిన ముడులు. గోళ్ళు విరిగాయి, ఇస్త్రీ చొక్కా తడిసింది. కత్తి ఇమ్మని అడిగితే ఆమె, "కొయ్యకూడదు బాబూ, ఇప్పాల" అంది. అన్నీ అయ్యాక రిబ్బన్లు ఉండచుట్టి ఆయన చేతిలోనే పెట్టింది. పెట్టి, తను అడగాల్సింది అడిగింది. "మా మావకి ఓ ముక్క సెప్పండి. నాను పైసలు తీసుకోనేదని, తమరు సెప్తేనే ఉంచినానని."

శ్రీధర్‌గారు నన్ను పక్కకి పిలిచారు. "అలా చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది మేడమ్. రేపు ఆ పెద్దాయన నష్టపరిహారం అంటాడు. మీకు తెలియందేముంది, మీరు లా మనిషి." అని, దమయంతికి దణ్ణం పెట్టి వెళ్ళి బస్సెక్కేశారు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

నేను ఆయన్ని ఆపలేదు. ఎందుకంటే, ఆయన అన్నది నిజంగానే మేం నేర్పేది. నోరు జారకు, ఒప్పుకోకు, ముందు లాయర్ని కనుక్కో. తరగతి గదిలో ఎంత తెలివిగా ఉంటుందో ఈ పాఠం! ఆ తోటలో నిలబడి వింటే నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

నేనే కంచె దగ్గరికి వెళ్ళాను. "ఈవిడ తప్పేం లేదండీ. డబ్బులేం తీసుకోలేదు. వాళ్ళు చెప్పారని ఉంచింది" అన్నాను.

లోకనాథం నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "తమరెవులమ్మా? ఆ గుడ్డ తమరు కట్టినారా?"

"లేదు."

"మరి తమరేల సెప్తారు? కట్టినోడు సెప్పాల."

న్యాయమే. ఏ కోర్టైనా అదే అంటుంది.

బస్సుకి అడ్డం

వెళ్ళి బస్సు ముందు నిలబడ్డాను. చీర కొంగు నడుముకి దోపి, మా అమ్మ నీళ్ళ తగాదాలో బోదె గట్టు మీద నిలబడినట్టు నిలబడ్డాను. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "మేడమ్, పక్కకి రండి" అన్నాడు.

"నీ మీద కోపం లేదు నాయనా. ఆయన్ని దిగమను."

లోపలినుంచి నిర్వాహకుడు, "మేడమ్, చేపలు చల్లారిపోతాయి!" అన్నాడు. ఇంకెవరో రైలు పోతుందన్నారు. "రైలు పోతే ఇంకోటొస్తుంది, అది వస్తానంటే వస్తుంది!" అని అరిచాను. వెంకటరమణగారు మెట్లు దిగి, బొండంలో గొట్టం అలాగే పెట్టుకుని, వచ్చి నా పక్కన నిలబడ్డారు. కాసేపటికి వాతావరణం ఆవిడా దిగింది. బస్సు ఇంజిను ఆగిపోయింది.

శ్రీధర్‌గారు దిగారు. మొహం ఎర్రబడింది. కంచె దాకా నడిచి, చేతిలో ఆ రిబ్బన్ల ఉండ నలుపుతూ నేల చూపులు చూస్తూ అన్నారు. "ఆవిడ తప్పేం లేదు. డబ్బులేం తీసుకోలేదు. ముట్టుకోవద్దని నేనే చెప్పాను. తిరిగొస్తానన్నాను. రాలేదు."

చివరి మాట దగ్గర తలెత్తి పెద్దాయన్ని చూశారు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఏల రానేదు?" అన్నాడు లోకనాథం.

"వేరే పని పడింది."

"తుఫానే మేలు బాబూ" అన్నాడు పెద్దాయన. "వత్తానంది, వచ్చింది."

తర్వాత ఆయన వైపు మళ్ళీ చూడలేదు. కంచె మీద చెయ్యి వేసి, దమయంతి వైపు తిరిగి, నిన్న మొన్న మాట్లాడుకున్నట్టు అన్నాడు. "కోడలా, నీ కాడ గునపం నేదు గదా. నాది తెత్తాను. పొద్దున్నే కందకం తవ్వుదుం. నీయి పోనాయి గానీ, నా వరసలో చివరి రెండూ నిలబడతాయేమో సూద్దుం."

దమయంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. నేను బస్సెక్కాను. సముద్రం ఒడ్డున చేపల పులుసు బాగుందన్నారు. నేను తినలేదు.

పలాస స్టేషన్

రైలు కోసం చూస్తుంటే శ్రీధర్‌గారే వచ్చి నా పక్కన కూర్చున్నారు. చేసింది తప్పే మేడమ్ అంటారేమోననుకున్నాను.

"మీరు ఆవిడ నంబరు తీసుకున్నట్టున్నారు. ఆ చెట్లు కొట్టే ముందు ఒకసారి చూడాలి మేడమ్. మందు లేకుండా ఇన్నాళ్ళున్న చెట్లు ఎక్కడా దొరకవు. వానలు తగ్గాక వెళ్దామని" అన్నారు.

"నంబరెందుకండీ, దారి తెలుసుగా. వెళ్ళి గుమ్మంలో కూర్చోండి. అంబలి కూడా పోస్తుంది" అన్నాను.

"తప్పకుండా వెళ్తాను మేడమ్" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఎంత నిజాయితీ!

వానలు తగ్గాయి. నా వేలి బొబ్బ మాని కొత్త చర్మం కూడా వచ్చింది. మొన్న దమయంతికి ఫోన్ చేశాను. వెనకాల లోకనాథం ఎవరినో కేకలేస్తున్నాడు. కందకం తవ్వేశారట, ఆ చివరి రెండు చెట్లకీ కొత్త మొవ్వు కనిపిస్తోందట, వాళ్ళింటికి పనసకాయ పంపించిందట. అన్నీ విని, ఉండబట్టలేక అడిగాను, ఆ కళ్ళద్దాల బాబు వచ్చాడా అని.

"రానేదండి" అంది.